సీజన్ టికెట్ దూరం

మీ ప్రశ్న – నా జవాబు

పోయిన నెల ఈ పేజీలో విజయవాడ కొండల మీది ఇళ్లకు నీళ్లెక్కించడానికి మేం పడ్డ తిప్పల గురించి రాశాను. కొండల సంగతి వదిలేసి అందరూ వలసల మీద పడ్డారు. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల, ఊళ్లు ఖాళీ అయిపోతున్నాయి, పట్నాలు నిండిపోతున్నాయి, ఏం చేద్దాం అని. నేను ప్లానర్ని కాను, ప్రొఫెసర్ని అసలే కాను. నగరానికి నీళ్లిచ్చే పనిలో నలభై ఒక్క ఏళ్లు చేసి 2019లో దిగిపోయినవాణ్ణి. ఎవరు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడ సర్దుకున్నారో కుళాయి దరఖాస్తుల్లో చూసినవాణ్ణి. ఆ మేరకే నా జవాబులు.

ప్రశ్న: ఇరవై ఏళ్లుగా సింగ్‌నగర్‌లో ఉంటున్నాం. ఒకప్పుడు మా వీధిలో అందరూ తెలిసినవాళ్లే. ఇప్పుడు ఎవరు ఎక్కడివాళ్లో తెలీదు. నీళ్లు, డ్రైనేజీ ఉన్నవాళ్లకే చాలట్లేదు, ఇంకా జనం దిగుతూనే ఉన్నారు. ఎక్కడో ఒకచోట ఆపకూడదా?
– కిరాణా వ్యాపారి, అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

జవాబు: ఆపాలంటే ముందు నన్ను ఆపాలండీ. 1978లో రెంటచింతల పక్క ఊరి నుంచి ఒక రేకుపెట్టె, రెండు జతల బట్టలతో దిగాను. రెంటచింతల అంటే తెలుసుగా, ఎండాకాలం వార్తల్లో తప్ప ఆ పేరు ఎవరూ తలవరు. మొదట ఎన్ఎంఆర్ కూలీగా, అంటే రోజుకూలీ మీద, పైపులైన్ల గోతులు తవ్వాను. తర్వాత ఫిట్టర్ పక్కన నిలబడి స్పానర్ అందించాను. పర్మనెంట్ అయ్యేసరికి నెత్తిమీద సగం జుట్టు పోయింది.

ఇంకో సంగతి. 2011 జనగణనలో దేశం మొత్తం మీద వలస వచ్చినవాళ్లు 45 కోట్ల మందని తేలింది. అందులో ఎక్కువమంది ఆడవాళ్లు, కారణం పెళ్లి. మీ ఇంట్లోనూ ఆ లెక్కలోకి వచ్చేవాళ్లు ఒకరిద్దరు ఉండే ఉంటారు. ఆపేద్దామా అని వాళ్లనే అడిగి చూడండి. పైగా దేశంలో ఎక్కడికైనా పోవచ్చు, ఎక్కడైనా ఉండొచ్చు అని రాజ్యాంగం 19వ అధికరణంలో రాసిపెట్టారు.

అలాగని మీ బాధ ఉత్తిది కాదు. 2011లో మన నగరపాలక సంస్థ హద్దుల్లో 61.88 చదరపు కిలోమీటర్లకు 10 లక్షల 34 వేల పైచిలుకు జనం. అంటే చదరపు కిలోమీటరుకు పదహారు వేలు దాటారు. 2021లో జరగాల్సిన లెక్క జరగలేదు. ఇప్పుడు ఎంతున్నామో మీ వీధిలో సాయంత్రం ఏడింటికి స్కూటరు తిప్పుకోవడానికి పట్టే టైమును బట్టి ఊహించుకోవాల్సిందే.

ఒకటి చెబుతాను. వన్‌టౌన్ వైపు కొండ మీద ఒక లైను వేసేటప్పుడు మెట్లు లెక్కపెట్టాను. కింది రోడ్డు నుంచి చివరి ఇంటికి 187. ప్రతి పది మీటర్ల ఎత్తుకు ఒక కేజీ ప్రెజర్ పోతుంది, అది ఎవరూ మార్చలేని లెక్క. అందుకని పై ఇళ్లకు తెల్లవారుజామున మూడింటికి, కింద వీధుల్లో కుళాయిలన్నీ కట్టేసి ఉన్నప్పుడు పంపు చేసేవాళ్లం. ఆ చివరి ఇంట్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒకామె ఉండేది. మొగుడు కాళేశ్వరరావు మార్కెట్లో హమాలీ. లైను పడకముందు ఆమె ఆ 187 మెట్లూ బిందెలతో ఎక్కేది. రెండో మలుపు దగ్గర బిందె దించి, చీర కుచ్చిళ్లు ఎగదోపి, ఊపిరి పీల్చుకుని మళ్లీ ఎత్తుకునేది. మీ ఊళ్లో నీళ్లు లేవా అమ్మా అని అడిగాను. "నుయ్యి ఇంటెనకాలే ఉంది బాబూ, పనే లేదు" అంది. మార్కెట్టుకు నడిచి వెళ్లేంత దూరంలో వాళ్లు కట్టగలిగే అద్దెకు ఇల్లు దొరికేది కొండ మీదే. అందుకే అక్కడ.

పల్లంలో ఉండేవాళ్లు మీరు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మీ ఇళ్లలోకి వచ్చింది. అంతకు ముందురోజే మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. కొండ మీదివాడికి రాయి, పల్లంలోవాడికి నీరు. ఇద్దరూ అక్కడ ఇష్టపడి ఉంటున్నవాళ్లు కాదు. మీరు ఆపమన్న జనం ఎక్కువగా చేరేది ఈ రెండు చోట్లకే. వాళ్లను బెంజ్ సర్కిల్ దగ్గర అడ్డంపడి ఆపలేం. వాళ్లు బస్సెక్కిన ఊళ్లో ఏం జరిగిందన్నదే చూడాలి.

ప్రశ్న: నాలుగెకరాల మిర్చి వేస్తాను. మీరందరూ వలసలు ఆగాలంటారు. ఆగితే నా కాయ ఎవరు కోస్తారు?
– రైతు, ప్రత్తిపాడు, గుంటూరు జిల్లా

జవాబు: మొహమాటం లేకుండా అడిగినందుకు సంతోషం రైతన్నా. గుంటూరు యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కొండల్లా పేరుకుంటున్నాయంటే దాని వెనక కర్నూలు పడమటి మండలాల చేతులున్నాయి. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు వాళ్లు దీన్ని వలస అనరు, "సుగ్గికి పోతున్నాం" అంటారు. పంటకోతల కాలమని అర్థం, కన్నడం నుంచి వచ్చిన మాట. తుంగభద్ర పక్కనే పారుతున్నా ఆ పల్లెల్లో చాలామందికి వాన పంటే దిక్కు. అది అయిపోగానే ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లను వదిలేసి, బియ్యం మూటలు, వంటగిన్నెలు కట్టుకుని రాత్రంతా ప్రయాణం చేసి మన చేలల్లోకి దిగుతారు.

రెండేళ్ల కిందట ఏటుకూరు దాటాక ఒక చేను గట్టు మీద ఆగాను. పట్టాల గుడిసెలు వరసగా పది పన్నెండు. తొమ్మిదేళ్ల పిల్ల ఒకతి చంటివాణ్ణి చంకనేసుకుని కల్లం దగ్గర కాపలా ఉంది. ఏం చదువుతున్నావు అంటే నాలుగో తరగతి అంది. నాలుగులో ఏ పాఠం అంటే నవ్వి ఊరుకుంది. సంక్రాంతి తర్వాత బడి మొహం చూడలేదు. వాళ్లమ్మ సాయంత్రం చేతులకు నూనె రాసుకుంటోంది, కాయ కోసిన మంట. ఆ చేత్తో బిడ్డ కళ్లు తుడవడానికి లేదు. కొంగుతో తుడిచింది.

కాబట్టి నా జవాబు ఇది. మీ చేనుకు కూలీలు రావడం ఆగాలని నేననను. కోత కూలీలు ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి వెళ్లడం మన తాతల నాటి నుంచీ ఉంది. ఆ పిల్ల రావడం మాత్రం ఆగాలి. అక్కడి బడిలో వలస కాలానికి హాస్టలు సరిగ్గా నడిస్తే పిల్ల అక్కడే ఉంటుంది, తల్లి ఇక్కడికొస్తుంది. వాళ్ల ఊళ్లో రెండో పంటకు నీళ్లొస్తే కూలి ఇంకొంచెం ఎక్కువ ఇస్తే తప్ప రారు, అప్పుడు మీకు కష్టమే, ఒప్పుకుంటాను. 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే దాన్ని ప్రారంభించారు. అప్పుడు మీబోటి రైతులు ఇదే మాట అన్నారు. ఆ చట్టం కింద ఇంటికి ఏడాదికి 100 రోజుల పని అంటే ఇంకా 265 రోజులు మిగిలే ఉండేవి. వాళ్లు వస్తూనే ఉన్నారు.

ప్రశ్న: అన్ని ప్రాంతాలూ సమానంగా ఎదగాలని ప్రతి నాయకుడూ అంటాడు. జిల్లాకో పెద్ద పరిశ్రమ పెడితే ఈ సమస్య తీరుతుందా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నరసరావుపేట

జవాబు: మాస్టారూ, పల్నాటివాళ్లు మీరే ఈ ప్రశ్న అడిగితే ఎలా? మనకు ఫ్యాక్టరీలు లేవా? మాచర్ల, దాచేపల్లి వైపు సిమెంటు, పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు. రాయి మనది, దుమ్ము మనది. ఉద్యోగాలు ఎన్ని? మా బాబాయి కొడుకు ఇంటి ముందు నుంచి రోజూ సిమెంటు లారీలు పోతాయి. వాడు మాత్రం హైదరాబాద్‌లో వాచ్‌మన్. ఇప్పటి ఫ్యాక్టరీలో మిషను ఎక్కువ, మనిషి తక్కువ. కావాల్సిన మనిషికి చదువు కావాలి, ఆ చదువు ఊళ్లో లేదు.

పాత కథ కొంచెం చెప్పుకోవాలి. 1937లో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో కూర్చుని కోస్తా, సీమ పెద్దలు ఒప్పందం రాసుకున్నప్పుడే ఈ గొడవ ఉంది. అన్నీ ఒక్కచోటే పెట్టుకోకూడదు, రాజధాని ఒకరికైతే హైకోర్టు ఇంకొకరికి అన్నారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక అలాగే చేశారు, కర్నూలు రాజధాని, 1954లో గుంటూరులో హైకోర్టు. గుంటూరులో హైకోర్టు ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. రెండేళ్లకే, 1956లో, రెండూ హైదరాబాద్ వెళ్లిపోయాయి. ఆ తర్వాత బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్, ఐడీపీఎల్, హెచ్ఎంటీ లాంటి కేంద్ర ప్రభుత్వ ఫ్యాక్టరీలు, పరిశోధన సంస్థలు, ఆఖరికి కంప్యూటర్ కంపెనీలు, అన్నీ ఆ ఒక్క ఊరి చుట్టూనే. మా బ్యాచ్‌లో పిల్లల్ని హైదరాబాద్ పంపనివాడు ఒక్కడూ లేడు. 2014లో విడిపోయినప్పుడు చూసుకుంటే మన చేతిలో ఏం మిగిలిందో మీకు తెలుసు.

ఆ ఏడాదే ఆగస్టులో, కొత్త రాజధాని ఎక్కడో చూడమని కేంద్రం వేసిన శివరామకృష్ణన్ కమిటీ, మళ్లీ ఒకే మహానగరం అనకండి, సంస్థలను రాష్ట్రమంతా పంచండి అని నివేదిక ఇచ్చింది. కొంత పంచారు కూడా. తిరుపతికి ఐఐటీ, తాడేపల్లిగూడేనికి ఎన్ఐటీ, విశాఖకు ఐఐఎం, అనంతపురానికి సెంట్రల్ యూనివర్సిటీ. పెనుకొండ దగ్గర కియా కార్లు 2019 నుంచి తయారవుతున్నాయి. మంచిదే, కాదనను. అమరావతి కట్టుకుంటున్నాం, అదీ కట్టుకుందాం. కానీ ఐఐటీ పెట్టిన ఊరి కుర్రాడు అందులో సీటొచ్చి ఊళ్లో ఉండిపోతాడా? చదివి బెంగళూరు పోతాడు. ఊరి జనాన్ని ఊళ్లో నిలబెట్టేది వేరే.

అదేమిటో నాకు చెప్పింది ఏ కమిటీ కాదు, దుగ్గిరాల నుంచి వచ్చే నా సహోద్యోగి. ఇద్దరం ఒక్క ఏడాదే చేరాం, ఒకటే జీతం. అతను ముప్పై ఏళ్లు తెనాలి–విజయవాడ ప్యాసింజర్‌లో సీజన్ టికెట్ మీద, అంటే నెలవారీ రైలు పాసు మీద, వచ్చిపోయాడు. పొద్దున గేదె పాలు పితికి, క్యారియర్ పట్టుకుని రైలెక్కేవాడు. కృష్ణా కెనాల్ స్టేషన్ వచ్చేసరికి పేకాట ఒక రౌండు అయిపోయేది. సాయంత్రం చీకటి పడేసరికి ఇంట్లో. అద్దె లేదు, పిల్లలు తాతల దగ్గర పెరిగారు, పసుపు చేను అలాగే ఉంది. నాకేమో మా ఊరు నూటముప్పై, నూటనలభై కిలోమీటర్లు. పొద్దున వచ్చి సాయంత్రం పోయే దూరం కాదు. అందుకని సత్యనారాయణపురంలో ఒక్క గది అద్దెకు తీసుకున్నాను, పెళ్లయ్యాక రెండు గదులు, ఊళ్లో అయిదెకరాలు కౌలుకిచ్చి, తర్వాత అమ్మేశాను. జీతం ఒకటే. రిటైరయ్యేనాటికి వాడికి చేను, ఇల్లు ఉన్నాయి. నాకు రెండో అంతస్తులో ఫ్లాటు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి.

తెనాలి, దుగ్గిరాల, మంగళగిరి, గుడివాడ వాళ్లు కూడా పనికి బెజవాడే వస్తారు. కానీ ఇక్కడ కాపురం పెట్టాల్సిన పని చాలామందికి లేదు. 1978లో, నేను రేకుపెట్టెతో దిగిన ఏడే, విజయవాడ–గుంటూరు–తెనాలి–మంగళగిరి నాలుగింటినీ కలిపి ఒక పట్టణాభివృద్ధి సంస్థ పెట్టారు. నాలుగు ఊళ్లు ఒకదానికొకటి గంట దూరంలో ఉంటే ఒకటి మిగతావాటిని మింగదని అప్పుడే ఎవరికో తట్టినట్టుంది. గంట దాటిన పల్నాడు, ప్రకాశం మెట్ట, ఉత్తరాంధ్ర మాత్రం ఆ గీత బయట ఉండిపోయాయి.

కాబట్టి నన్నడిగితే, జిల్లాకో పరిశ్రమ కన్నా ప్రతి పల్లెకూ సీజన్ టికెట్ దూరంలో ఒక గట్టి పట్టణం కావాలి. నరసరావుపేట 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా కేంద్రమైంది. కలెక్టరాఫీసు వచ్చింది, జిరాక్సు షాపులు వచ్చాయి, స్థలాల రేట్లు పెరిగాయి. రాత్రి పదకొండింటికి కాన్పు కష్టమైతే మాచర్ల నుంచి ఎక్కడికి తీసుకెళ్తున్నారు? గుంటూరుకే. ఆపరేషన్ థియేటరు ఉంటుంది, మత్తు డాక్టరు రాత్రిపూట ఉండడు. ఆ మత్తు డాక్టరు ఉండాలంటే వాళ్ల పిల్లలకు మంచి బడి ఉండాలి, బడి ఉండాలంటే టీచర్లు ఆ ఊళ్లో కాపురం ఉండాలి, టీచర్లు ఉండాలంటే రాత్రి తొమ్మిదింటికి ఒక బస్సు ఉండాలి. నేను పైపులవాణ్ణి, నాకిలాగే అర్థమవుతుంది. ఒక్క జాయింటు వదులైనా చివరి ఇంటికి నీళ్లు రావు. మీరు ఫ్యాక్టరీ అడుగుతున్నారు, నేను మత్తు డాక్టర్నీ రాత్రి బస్సునూ అడగమంటున్నాను. రెండో కోరిక చిన్నదిలా కనిపిస్తుంది, సాధించడమే కష్టం. దానికి రిబ్బను కత్తిరించే సభ పెట్టలేరు కదా.

ప్రశ్న: మా రేషన్ కార్డు ఒంగోలు దగ్గర ఊళ్లో ఉంది. విజయవాడలో అపార్ట్‌మెంట్ పనికి వచ్చాం. ఇక్కడ బియ్యం ఇస్తారా? ఓటు సంగతేమిటి?
– తాపీమేస్త్రీ భార్య, పటమట

జవాబు: ఇస్తారమ్మా. కార్డు నంబరు తీసుకెళ్లి దగ్గర్లోని రేషన్ షాపులో వేలిముద్ర వేస్తే చాలు. వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లకూ ఇప్పుడు ఆ వీలుంది. ఓటు ఇక్కడికి మార్చుకోవాలంటే ఫారం 8 నింపాలి. అయితే ఆ పని ఎన్నాళ్లుంటుందో చూసుకుని మార్చుకోండి. పని అయిపోయి మీరు వెళ్లిపోయాక ఓటు పటమటలో, మీరు ఒంగోల్లో ఉంటే మళ్లీ తిప్పలు.

ప్రశ్న: బీకాం అయిపోయింది. గురజాలలో నాన్నకు ఫ్యాన్సీ షాపు ఉంది. ఫ్రెండ్స్ అందరూ విజయవాడ వెళ్లిపోయారు. నన్నూ రమ్మంటున్నారు. ఇక్కడే ఉంటే వెనకబడిపోతానేమోనని టెన్షన్‌గా ఉంది.
– డిగ్రీ పూర్తయిన యువకుడు, గురజాల

జవాబు: తమ్ముడూ, మా కిందింటి గదిలో ముగ్గురు కుర్రాళ్లున్నారు, నీ వయసే. ఒకడు బట్టల షాపులో పదిహేను వేలకు చేస్తున్నాడు. అద్దెలో వాడి వాటా మూడు వేలు, మెస్సుకు నాలుగు వేలు, బండి పెట్రోలు, ఫోను, నెలకోసారి ఊరు వెళ్లిరావడం. ఇంటికి పంపేది రెండు వేలు, అదీ పంపగలిగిన నెలలో. ఆదివారం పదకొండింటి దాకా పడుకుంటాడు, లేచాక బట్టలు ఉతుక్కుంటాడు. ఊరెళ్లినప్పుడు మాత్రం కొత్త చొక్కా వేసుకుని వెళ్తాడు. నీ ఫ్రెండ్స్‌ను నువ్వు చూసేది ఆ చొక్కాలోనే.

నిన్ను రావొద్దనను, నేను వచ్చినవాణ్ణే. ట్యాలీ, జీఎస్టీ పని గట్టిగా నేర్పే చోటు కోసమైతే రా, ఒక ఏడాదో రెండేళ్లో ఆడిటరు దగ్గర వంగి పనిచెయ్. ఆ పని తెలిసినవాడు గురజాలలో, పిడుగురాళ్లలో ఎంతమంది ఉన్నారో వచ్చేముందు లెక్కపెట్టుకో. పిడుగురాళ్ల సున్నం వ్యాపారుల లెక్కలు గుంటూరులో ఎవరో రాస్తున్నారు. ఆ ఫీజు నీది ఎందుకు కాకూడదు? ఊరికే ఫ్రెండ్స్ ఉన్నారని మాత్రం రాకు. ఆర్నెల్లలో ఎవరి షిఫ్టు వాళ్లది, ఒకే గదిలో ఉండి కూడా కలుసుకోరు.

ప్రశ్న: ఆయన పోయి ఏడాదైంది. అబ్బాయి విజయవాడ వచ్చెయ్యమంటున్నాడు. ఇల్లు అమ్మేద్దామంటున్నాడు. నాకు వెళ్లాలనీ ఉంది, వెళ్లాలనీ లేదు. ఏం చెయ్యను?
– ఒక తల్లి, మాచర్ల దగ్గర పల్లె (ఉత్తరం మనవరాలు రాసిపెట్టింది)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా అమ్మ కూడా ఇలాగే వచ్చింది. మూడు నెలలు మా రెండు గదుల్లో ఉంది. పొద్దున్నే లేచి ముగ్గు వెయ్యడానికి వాకిలి కోసం వెతికేది. ఆఖరికి మెట్ల మీద వేసింది, పాలవాడు తొక్కేశాడు. మర్నాడు బ్యాగు సర్దుకుంది.

అమ్మకం సంగతి ఇప్పుడు ఎత్తొద్దు. అబ్బాయి మంచివాడే, కాకపోతే వాడి భయం మీ బీపీ గురించి, మీకు రాత్రిపూట ఏమైనా అయితే ఎవరు చూస్తారని. దానికి ఇల్లు అమ్మడం మందు కాదు. బీపీ మాత్రలు, నెలనెలా చూపించుకోవడం మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో సరిగ్గా జరుగుతున్నాయో లేదో మనవరాలిని పంపి కనుక్కోండి. పక్కింటివాళ్లకు ఒక తాళంచెవి, అబ్బాయి ఫోను నంబరు ఇవ్వండి. ఎండాకాలం రెండు నెలలు విజయవాడలో ఉండండి, మన వైపు ఆ ఎండ మీకు పడదు. వానలు పడగానే వెళ్లిపోండి. వచ్చేటప్పుడు పచ్చడి జాడీలు అన్నీ తెచ్చేయకండి, రెండు అక్కడే ఉంచండి. పెద్ద బస్టాండులో మాచర్ల బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఆగుతుందో మొదటిసారి దిగినప్పుడే చూసి పెట్టుకోండి. అబ్బాయిని అడగాల్సిన పని ఉండదు.